7 మీటర్ల అట్టకూ 400 మీటర్ల ఉక్కు ప్లేటుకూ ఒకే రైఫిల్: దానికి ఏ స్కోపు?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ దగ్గర .223 సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఒకటి ఉంది. మీరు వెళ్లే పోటీల్లో 7 మీటర్ల దగ్గర నిలబెట్టిన అట్ట లక్ష్యాల నుంచి 400 మీటర్ల దూరంలోని ఉక్కు ప్లేట్ల దాకా ఒకే స్టేజిలో, గడియారం నడుస్తుండగా కొట్టాల్సి వస్తోంది. ఇప్పటివరకు పాత 3-9×40 వేట స్కోపుతో (లక్ష్యాన్ని 3 నుంచి 9 రెట్లు పెద్దది చేసి చూపేది, ముందు అద్దం 40 మిల్లీమీటర్లు) నెట్టుకొచ్చారు. రెడ్ డాట్ (లక్ష్యాన్ని పెద్దది చేయకుండా వెలిగే చుక్కను మాత్రమే చూపే సైట్) కొని దాని వెనుక బొమ్మను పెద్దది చేసే మాగ్నిఫయర్ పెట్టుకోవాలా, 1-6 స్కోపు తీసుకోవాలా, లేక ఇంకొంత ఖర్చు పెట్టి ఒకేసారి 1-10కి వెళ్లాలా అన్నది మీ సందేహం. పాత స్కోపును ఏం చేయాలని కూడా చివర్లో అడిగారు.

నా సమాధానం: 1-6×24 ఎల్‌పీవీఓ తీసుకోండి. రెటికిల్ (స్కోపులోని గురి గీతలు) సెకండ్ ఫోకల్ ప్లేన్‌లో ఉండాలి (అదేమిటో కింద చెబుతాను), మధ్యలోని చుక్క మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడా ఎర్రగా కనిపించాలి. ఎల్‌పీవీఓ అంటే 1× నుంచి మొదలయ్యే వేరియబుల్ స్కోపు అని మీకు తెలిసే ఉంటుంది. మీ లక్ష్యాల్లో ముప్పాతిక వంతు 50 మీటర్ల లోపే ఉండి, దూరపువి ఎప్పుడో ఒకటి రెండు తగిలేటట్లయితే రెడ్ డాట్, మాగ్నిఫయర్ జత మేలు. 500 మీటర్లు దాటిన చిన్న లక్ష్యాలు తరచుగా వచ్చేటట్లయితే లెక్క పూర్తిగా మారుతుంది. ఆ విషయం కింద చెప్పాను.

నేను పన్నెండేళ్లుగా ఇటువంటి పోటీల్లో పాల్గొంటున్నాను, అందులో సగం కాలం నుంచి కొత్తవాళ్లకు నేర్పిస్తున్నాను. ఇప్పటిదాకా నన్ను ఈ ప్రశ్న అడిగిన వారిలో దాదాపు అందరూ ముందుగా చూసేది పెద్ద అంకెనే. 6 గొప్పదా, 8 గొప్పదా, 10 గొప్పదా అని పోలుస్తారు. నేను మాత్రం ఆ అంకెకు ముందున్న 1ని మొదట చూడమంటాను. దూరపు ప్లేటును కొట్టేటప్పుడు మీరు పడుకునో, ఏదైనా ఆసరా మీద రైఫిల్ ఆనించో, ఊపిరి సర్దుకుని, రెండు మూడు క్షణాలు తీసుకుని ట్రిగ్గర్ నొక్కుతారు. స్కోపులో ఉన్న చిన్న లోపాలను ఆ సమయంలో మీరు సర్దుకోగలరు. 7 మీటర్ల అట్ట దగ్గర ఆ వెసులుబాటు ఉండదు. అక్కడ మీరు నడుస్తూనో, తలుపు చాటు నుంచి వంగి చూస్తూనో ఉంటారు. చెంప స్టాక్ మీద సరిగ్గా ఆనకపోయినా, తల కొంచెం పక్కకు జరిగినా చుక్క కనిపించి తీరాలి. సమయం లేని షాట్‌కు సరిపోయే స్కోపును ఎంచుకుంటే, సమయం ఉన్న షాట్ దానంతట అదే కుదురుతుంది.

మీ 3-9 స్కోపుతో దగ్గర లక్ష్యాలు ఎందుకు కష్టమవుతున్నాయో లెక్క వేసి చూద్దాం. అటువంటి స్కోపులు 3× దగ్గర 100 మీటర్ల దూరంలో సుమారు 11 మీటర్ల వెడల్పును చూపిస్తాయి. అంటే 7 మీటర్ల దగ్గర మీకు కనిపించేది 77 సెంటీమీటర్లే. అర మీటరు వెడల్పున్న అట్ట ఆ వలయాన్ని దాదాపు నింపేస్తుంది, పక్క లక్ష్యం ఎక్కడుందో తెలియదు, అట్ట కూడా మసకగానే ఉంటుంది. మంచి ఎల్‌పీవీఓ 1× దగ్గర 100 మీటర్లకు 35 నుంచి 40 మీటర్ల వెడల్పు చూపిస్తుంది, కాబట్టి అదే 7 మీటర్ల దగ్గర రెండున్నర మీటర్ల పైచిలుకు కనిపిస్తుంది. పైగా రెండు కళ్లూ తెరిచి ఉంచవచ్చు. 3× స్కోపుతో రెండు కళ్లూ తెరిస్తే ఒక కన్ను చూసే బొమ్మ మరో కన్ను చూసే బొమ్మకు మూడింతలు ఉంటుంది గనుక మెదడు తికమకపడుతుంది. ట్రిజికాన్ ఏకాగ్ వంటి 4× స్కోపులతో రెండు కళ్లూ తెరిచి కాల్చే పద్ధతి ఒకటి ఉన్న మాట నిజమే. రైఫిల్ కదులుతున్నంతసేపు మెదడు రెండో కంటి బొమ్మనే పట్టుకుని, వెలిగే చుక్కను దాని మీద పరుచుకుంటుందన్నది దాని సూత్రం. కొందరికి అది బాగా పట్టుబడుతుంది. నాకు నెల రోజులు కసరత్తు చేసినా పట్టుబడలేదు.

ఇక దూరం సంగతి. 400 మీటర్లకు 6× సరిపోతుందా అని మీరు అనుమానపడుతున్నారు. అమెరికాలో సర్వీస్ రైఫిల్ పోటీలు ఎన్నో దశాబ్దాల పాటు అద్దం లేని ఇనుప సైట్లతోనే 600 గజాల దాకా జరిగాయి. 2016లో ఆప్టిక్‌ను అనుమతించినప్పుడు కూడా గరిష్ఠ పరిమితి 4.5×గానే పెట్టారు. ఆ 600 గజాల లక్ష్యంలో పది పాయింట్ల వలయం వ్యాసం 12 అంగుళాలు, అంటే సుమారు 30 సెంటీమీటర్లు. దాన్ని 4.5×తో వరుసగా కొట్టేవారు ఉన్నప్పుడు, 400 మీటర్ల దగ్గర అదే పరిమాణం గల ప్లేటుకు 6× చాలదని అనలేం. అయితే వాళ్లకు తెల్లని అట్ట మీద నల్లని వలయం ఎదురుగా, తెలిసిన చోట ఉంటుంది. మీకు రంగు వెలిసిన ప్లేటు ఎండు గడ్డిలో ఎక్కడో ఉంటుంది. ఎక్కువ మాగ్నిఫికేషన్ గుండు తగలడానికి కాదు, లక్ష్యాన్ని వెతకడానికి, పడిన గుండును చూసుకోవడానికి పనికొస్తుంది. మీ స్టేజిల్లో ప్లేట్లకు రంగు వేసి, చోటు ముందే చూపిస్తారా లేదా అన్నది అందుకే గమనించండి. చూపించకపోతే 1-8 గురించి ఆలోచించడంలో న్యాయం ఉంది.

1-10 ఎందుకు వద్దంటున్నానో చెబుతాను, ఎందుకంటే ఆ పొరపాటు నేను స్వయంగా చేశాను. స్కోపు వెనుక నుంచి వచ్చే వెలుగు కడ్డీ మందాన్ని ఎగ్జిట్ ప్యూపిల్ అంటారు. ముందు అద్దం వ్యాసాన్ని మాగ్నిఫికేషన్‌తో భాగిస్తే అది వస్తుంది. 24 మిల్లీమీటర్ల అద్దానికి 6× దగ్గర అది 4 మిల్లీమీటర్లు, 8× దగ్గర 3, 10× దగ్గర 2.4 మాత్రమే. పగటిపూట మన కంటిపాప కూడా చిన్నదిగానే ఉంటుంది కాబట్టి వెలుతురుకు కొరత రాదు, కానీ ఆ సన్నని కడ్డీలో కన్ను నిలబెట్టడం కష్టం. పడుకుని కాల్చేటప్పుడు ఇబ్బంది లేదు. గోడ మీద నుంచి వంకరగా ఒరిగి, సగం చెంప మాత్రమే ఆనించి కాల్చాల్సి వచ్చిన ఒక స్టేజిలో నాకు పదే పదే నల్లటి నెలవంక తప్ప ప్లేటు కనబడలేదు. చివరకు 6× దగ్గరకు తిప్పుకుని కాల్చాను. ఆ తర్వాత రెండేళ్లలో ఆ స్కోపును 7× దాటి తిప్పిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అదీగాక, పరిధి పెరిగేకొద్దీ 1× దగ్గర నిజమైన 1× ఇవ్వడం తయారీదారుకు కష్టమవుతుంది. అంచుల్లో గీతలు వంగడం, కన్ను కొంచెం కదిలితే బొమ్మ ఈదులాడటం కనిపిస్తాయి. ఖరీదైన 1-10లు ఈ ఇబ్బందిని చాలావరకు దాటాయి. మధ్యస్థ ధరలో ఉన్నవి దాటలేదు. అదే డబ్బుకు వచ్చే 1-6లో అద్దాలు దాదాపు ఎప్పుడూ మెరుగ్గా ఉంటాయి.

సైన్యాలు ఎక్కువ పరిధి గలవే తీసుకుంటున్నాయి కదా అని ఎవరైనా మీతో అనవచ్చు. 2020లో అమెరికా మెరైన్ దళం ట్రిజికాన్ వారి 1-8×28ను ఎంచుకుంది. 2022లో సైన్యం తన కొత్త రైఫిళ్లకు వోర్టెక్స్ తయారీ ఎక్స్‌ఎం157ను తీసుకుంది, అదీ 1-8×30. ముందు అద్దం 28, 30 మిల్లీమీటర్లకు పెరిగిన సంగతి గమనించండి. 8× దగ్గర ఎగ్జిట్ ప్యూపిల్ మరీ సన్నబడకుండా అది కొంత కాపాడుతుంది. పైగా ఎదుట ఉన్నదేమిటో గుర్తుపట్టడం వాళ్ల పనిలో పెద్ద భాగం. మన పోటీల్లో లక్ష్యం ఏదో బోర్డు మీదే రాసి ఉంటుంది.

ఫోకల్ ప్లేన్ విషయంలో వాదోపవాదాలు చాలా ఉన్నాయి. ఫస్ట్ ఫోకల్ ప్లేన్‌లో రెటికిల్ బొమ్మతో పాటు పెరుగుతుంది, తగ్గుతుంది. గీతల మధ్య కొలత ఏ మాగ్నిఫికేషన్‌లోనైనా నిజమే. సెకండ్‌లో రెటికిల్ పరిమాణం మారదు, కొలత ఒక్క మాగ్నిఫికేషన్ దగ్గరే, సాధారణంగా గరిష్ఠం దగ్గర, నిజమవుతుంది. 6× దగ్గర 1 మిల్ (కోణపు కొలత, 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు) చూపే గీత 3× దగ్గర 2 మిల్ చూపిస్తుంది. 5-25 వంటి పెద్ద స్కోపులో నేను కళ్లు మూసుకుని ఫస్ట్ ఫోకల్ ప్లేన్ తీసుకుంటాను. 1-6లో మాత్రం దూరపు షాట్ కొట్టేటప్పుడు ఎలాగూ రింగును చివరిదాకా తిప్పేస్తాం, కాబట్టి సెకండ్‌లోని లోపం ఆచరణలో ఎదురుకాదు. లాభం మాత్రం ప్రతిసారీ ఎదురవుతుంది: 1× దగ్గర రెటికిల్ వెంట్రుకలా సన్నబడిపోదు, చుక్క చాలావరకు ఎక్కువ ప్రకాశంగా ఉంటుంది. మధ్యలో 3×, 4× దగ్గర ఆగి పైకి పట్టి కాల్చే అలవాటు మీకుంటే మాత్రం నా సలహాను పక్కన పెట్టి ఫస్ట్ తీసుకోండి. నా దగ్గర నేర్చుకున్న ఒకరు అలా ఆగే అలవాటు మానలేక, నాలుగు పోటీల్లో వరుసగా ప్లేటు పైనుంచి కాల్చారు.

రెటికిల్‌లో నిలువు గీతల కంటే అడ్డ గీతల మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. 50 మీటర్ల దగ్గర జీరో చేసిన (అంటే గురి పెట్టిన చోటే తగిలేలా స్కోపును సర్దిన) .223 గుండు మళ్ళీ 200 మీటర్ల ప్రాంతంలో గురిరేఖను తాకుతుంది, మధ్యలో నాలుగైదు సెంటీమీటర్లకు మించి పైకి లేవదు. 300 దగ్గర గుండు బరువును, బ్యారెల్ పొడవును బట్టి 20 నుంచి 30 సెంటీమీటర్లు కిందకు దిగుతుంది. ఇది ఒకసారి కాల్చి రాసుకుంటే ఇక మారదనే చెప్పవచ్చు. గాలి అలా కాదు. గంటకు 16 కిలోమీటర్ల అడ్డగాలి తేలికపాటి .223 గుండును 300 మీటర్ల దగ్గర ఒక అడుగుకు అటూఇటుగా పక్కకు తోసేస్తుంది, మరుక్షణం ఆ గాలే ఆగిపోతుంది. అడ్డ గీత మీద ప్రతి మిల్‌కూ ఒక గుర్తు ఉంటే ఎంత తప్పిందో అంతే సర్ది రెండో గుండు వేయవచ్చు. 1 మిల్ అంటే 100 మీటర్ల దగ్గర 10 సెంటీమీటర్లు, 400 దగ్గర 40. ఫలానా గుండుకు ఫలానా దూరాలు అని ముందే గీసిన బీడీసీ రెటికిళ్లు చూడటానికి సులువుగా ఉంటాయి, కానీ అవి ఒక నిర్దిష్టమైన గుండుకు, వేగానికి గీసినవి. మీ రైఫిల్‌తో ప్రతి దూరం దగ్గరా కాల్చి సరిచూసుకునే దాకా వాటి అంకెలను నమ్మవద్దు.

రెడ్ డాట్, మాగ్నిఫయర్ జత గురించి అన్యాయంగా మాట్లాడను. దగ్గర పనికి రెడ్ డాట్‌ను మించినది లేదు. తల ఎక్కడ పెట్టినా చుక్క కనిపిస్తుంది, చిన్నవి మౌంటుతో కలిపినా 150 గ్రాముల లోపే తూగుతాయి. ఎల్‌పీవీఓ మౌంటుతో కలిపి 700 నుంచి 900 గ్రాములు అవుతుంది, నిలబడి కాల్చేటప్పుడు ఆ తేడా చేతికి తెలుస్తుంది. కానీ 3× మాగ్నిఫయర్‌ను వెనుక పెట్టగానే మరో 300 గ్రాములు చేరతాయి, తేలికదనమనే లాభం సగం పోతుంది. ఇంకొకటి, మాగ్నిఫయర్ లక్ష్యంతో పాటు చుక్కనూ పెద్దది చేస్తుంది. 2 ఎంఓఏ (ఇదీ కోణపు కొలతే) చుక్క 100 మీటర్ల దగ్గర 6 సెంటీమీటర్లను, 300 దగ్గర 18 సెంటీమీటర్లను కప్పేస్తుంది. మాగ్నిఫయర్ వచ్చినా కప్పే భాగం అంతే ఉంటుంది. గాలికి పక్కకు పట్టడానికి గీతలూ ఉండవు. 200 మీటర్ల వరకు ఈ జత హాయిగా పనిచేస్తుంది. 400కు లాగడం కుదురుతుంది గాని, ఆ షాట్లలో ఊహ పాలు ఎక్కువ.

రెడ్ డాట్ కొనేముందు మీ కంటిని కూడా పరీక్షించుకోండి. కంటిలో ఆస్టిగ్మాటిజం ఉన్నవారికి చుక్క తోకచుక్కలాగా, ద్రాక్ష గుత్తిలాగా కనిపిస్తుంది. ఆ చుక్కను ఫోన్‌తో ఫోటో తీయండి. ఫోటోలో గుండ్రంగా వచ్చి కంటికి చెదిరి కనిపిస్తే లోపం సైట్‌లో లేదు. అటువంటివారికి అద్దం మీద చెక్కిన రెటికిల్ ఉండే ప్రిజం సైట్‌గాని ఎల్‌పీవీఓగాని మేలు, ఎందుకంటే చెక్కిన గీతను ఐపీస్ (కంటివైపు అద్దం) సర్దుబాటుతో స్పష్టంగా తెచ్చుకోవచ్చు, బ్యాటరీ అయిపోయినా గీత పోదు.

500 మీటర్లు దాటే పని ఎక్కువైతే 2-10 లేదా 3-15 స్కోపు పైన పెట్టి, పక్కన 35 లేదా 45 డిగ్రీల కోణంలో చిన్న రెడ్ డాట్ బిగించుకోవడం సరైన మార్గం. రైఫిల్‌ను మణికట్టుతో కొంచెం ఒరిగిస్తే చుక్క వస్తుంది. రింగు తిప్పే పనే ఉండదు. నాకు ఈ అమరిక చాలా ఇష్టం. కానీ చాలా మల్టీగన్ (రైఫిల్, పిస్టల్, షాట్‌గన్ కలిపి వాడే) పోటీల్లో ఆప్టిక్ విభాగానికి ఒక్క ఆప్టికే అనుమతి. రెండోది పెట్టగానే మిమ్మల్ని ఓపెన్ విభాగంలోకి నెడతారు, అక్కడ పోటీ వేరే స్థాయిలో ఉంటుంది. కొనేముందు మీ పోటీల నియమావళి ఒకసారి చదవండి.

మౌంటును అందరూ చివర్లో మిగిలిన డబ్బుతో కొంటారు. నేను కూడా మొదటి ఎల్‌పీవీఓకు అలాగే చేశాను. మూడో పోటీలో 50 మీటర్ల దగ్గర గుండ్లు అరచేయంత పక్కకు పోయాయి, స్కోపును నిందిస్తూ రెండు వారాలు గడిపిన తర్వాత చూస్తే మౌంటు బిగింపు రైలు మీద కదులుతోంది. బడ్జెట్‌లో ఆరో వంతు మౌంటుకే తీసి పెట్టండి. రింగుల స్క్రూలు సాధారణంగా 2 న్యూటన్ మీటర్లకు మించకుండా, టార్క్ రెంచితోనే బిగించాలి. అంతకు మించితే గొట్టం నొక్కుకుంటుంది. తయారీదారు ఇచ్చిన అంకె వేరుగా ఉంటే దానినే పాటించండి. స్కోపును ముందుకు వెనుకకు జరిపేటప్పుడు 1× దగ్గర కాకుండా 6× దగ్గర పెట్టి, కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తి, చెంప ఆనిన తర్వాత కళ్లు తెరిచి చూడండి. బొమ్మ నిండుగా కనిపించే చోట బిగించండి. 6× దగ్గర కుదిరితే 1× దగ్గర తప్పకుండా కుదురుతుంది.

మీ అట్టల్లో కొట్టకూడని భాగాలు ఉంటాయి కాబట్టి ఇంకో మాట. స్కోపు బ్యారెల్ కంటే ఆరున్నర సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, 50 మీటర్ల జీరోతో 7 మీటర్ల దగ్గర గుండు మీరు చూసిన చోటుకు సుమారు ఐదున్నర సెంటీమీటర్లు కింద తగులుతుంది. తల భాగంలో పైభాగాన్ని గురి పెట్టడం అలవాటు చేసుకోండి. పారలాక్స్ (కన్ను పక్కకు జరిగితే గురి కూడా జరగడం) గురించి భయపెట్టేవారు ఉంటారు, పట్టించుకోవద్దు: 100 మీటర్లకు స్థిరపరిచిన 24 మిల్లీమీటర్ల అద్దానికి 400 మీటర్ల దగ్గర అత్యధిక దోషం 36 మిల్లీమీటర్లే.

కొనేటప్పుడు స్కోపును చేతిలోకి తీసుకుని 1× దగ్గర పెట్టి, రెండు కళ్లూ తెరిచి ఒక తలుపు అంచు వైపు చూడండి. స్కోపు లోపలి అంచు, బయటి అంచు ఒకే గీతగా కలిస్తే మంచిది. వంగినా, తెగినా ముందు ఐపీస్‌ను మీ కంటికి సర్ది మళ్ళీ చూడండి. అప్పటికీ కలవకపోతే దాన్ని తిరిగి ఇచ్చేయండి. తర్వాత ఎండలోకి తీసుకెళ్లి తెల్లని గోడ మీద చుక్క కనిపిస్తుందో లేదో చూడండి, ఎందుకంటే నీడలో ప్రతి స్కోపూ బ్రహ్మాండంగానే వెలుగుతుంది. మాగ్నిఫికేషన్ రింగుకు మీట లేకపోతే ఒకటి విడిగా కొనండి. దగ్గర లక్ష్యం ఎదురైనప్పుడు రింగు 6× మీదే ఉండిపోవడం ఎల్‌పీవీఓ వాడేవాళ్లందరూ చేసే తప్పు, నేను ఇప్పటికీ ఏడాదికి ఒకసారైనా చేస్తాను. మీట నిలువుగా ఉంటే 1×, పక్కకు ఉంటే 6× అయ్యేలా బిగించుకుంటే చేతికే తెలిసిపోతుంది. ఇంట్లో ఛాంబర్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, గుళ్లు వేరే గదిలో పెట్టి, దూరపు షాట్ పూర్తికాగానే మీటను వెనక్కి తిప్పడం రోజుకు పదిసార్లు సాధన చేయండి.

మీ పాత 3-9×40ను అమ్మవద్దు, దానికి పెద్ద ధర రాదు. ఒక .22 రైఫిల్ మీద పెట్టి 50 మీటర్ల దగ్గర గాలి చదవడం నేర్చుకోండి; తక్కువ ఖర్చుతో ఎక్కువ గుళ్లు కాల్చవచ్చు. అటువంటి వేట స్కోపులకు పారలాక్స్ సాధారణంగా 100 గజాలకో, 150 గజాలకో స్థిరపరిచి ఉంటుంది, కాబట్టి 25 మీటర్ల దగ్గర తల ఒక పక్కకు జరిగితే గురి ఒకటిన్నర సెంటీమీటర్ల దాకా తప్పవచ్చు. చెంపను ప్రతిసారీ ఒకే చోట ఆనించండి.